లైఫ్ జాకెట్టులో కొసరు దూది

కరీమాబాద్‌లో వలీ పరుపుల దుకాణం ముందు ఒక బోర్డు ఉంటుంది. పైన దుకాణం పేరు, దాని కింద అంతకంటే పెద్ద అక్షరాలతో, 'ఇక్కడ ఫోము దొరకదు. అడగవద్దు.' అడగవద్దని రాసిన చోట అడిగి తీరడం మనవాళ్లకు అలవాటు కాబట్టి రోజుకు ఇద్దరైనా అడిగేవాళ్లు. వాళ్లకు వలీ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అరగంట సేపు తిట్టేవాడు. వాళ్లను కాదు, ఫోమును.

తిట్టడానికి కారణం లేకపోలేదు. వలీది దూదేకుల ఇల్లు. తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకాడు. తండ్రి మిషను పెట్టాడు. వలీ చేతికి దుకాణం వచ్చేసరికి ఫోము పరుపులు లారీల్లో దిగాయి. "చుట్ట చుట్టి అట్టడబ్బల పెట్టి పంపుతాన్రు. గది పరుపా, బిస్కెట్ పుడానా? దానిమీద నిద్రెట్ల పడుతది?" అని వలీ అడిగేవాడు. జనానికి నిద్ర బాగానే పడుతోంది. అదే అతని బాధ.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. వలీ కుట్టే పరుపుకు చివరి మూల ఒకటి తెరిచే ఉంటుంది. కొన్నవాళ్లు వచ్చి, అందులో చెయ్యి పెట్టి, దూది తీసి చూసుకుని, సరే అన్నాకనే ఆ మూల మూసేది. మూసేముందు రెండు గుప్పెళ్లు కొసరు వేసేది. మూడు తరాలుగా ఆ ఇంటి పద్ధతి ఇది. పద్ధతి బంగారంలాంటిదే. కానీ వలీ దాన్ని పరుపుల దగ్గర ఆపలేదు. తాను కొన్న ప్రతిదాన్నీ మూల విప్పి చూసేవాడు. స్కూటర్ సీటు విప్పాడు, బిడ్డ స్కూలు బ్యాగు పట్టీలు విప్పాడు. పెళ్లిలో అత్తగారు ఇచ్చిన దిండును మొదటి రాత్రే విప్పాడు. దానికి అతని భార్య అజ్మత్ బీ ముప్పై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది.

అలాంటి వలీ ఇంట్లో ఒక పొద్దున బిడ్డ ఆసిమా వచ్చి నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. హైదరాబాదులో పడవ నడపడం నేర్చుకుని, లైసెన్సు చేతబట్టుకుని, రెండేళ్లుగా ఎదురుచూస్తోంది.

"బాపూ, నౌకరీ వచ్చింది."

"అల్హమ్దులిల్లా! ఏ ఆఫీసుల?"

"ఆఫీసు కాదు. గుండ్లసముద్రం చెరువుల. కొత్తగ రిసార్టు పెట్టిన్రు గదా, గాడ స్పీడ్ బోటు నడుపుడు. ఐతారం ఓపెనింగ్. నేనే ఫస్టు నడపాలె."

వలీ చేతిలోని చాయ్ సాసర్లోకి ఒలికింది. అతనికి ఈత రాదు. రాకపోవడం చిన్నమాట, నిండు బకెట్ దగ్గరికి వెళ్లాలన్నా చెంబును చెయ్యి చాపి దూరం నుంచే ముంచే మనిషి.

"ఎంత స్పీడు పోతది?"

"డెబ్బై, ఎనభై."

"లారీ గూడ గంత పోదు!"

వద్దు అనాలని నోటిదాకా వచ్చింది. రెండేళ్లుగా ఆ పిల్ల ఫోనులో పడవల వీడియోలు చూస్తూ అన్నం చల్లార్చుకోవడం అతను చూశాడు. ఆ ముఖం చూసి వద్దు అనలేడు. సరే అనడానికి గుండె లేదు. చివరికి మధ్యేమార్గంగా ఒక షరతు పెట్టాడు. "నీళ్లల్ల పడకుంట తొడుగుతరు గదా, గా జాకెట్టు నేను చూడాలె. నాకు నచ్చితెనే నువ్వు పడవెక్కుడు."

"నువ్వు సరే అంటెనే ఎక్కుత," అంది ఆసిమా. "రిసార్టోళ్లు గూడ ఎవలది వాళ్లే చూసి కొనుక్కోవాలె అన్నరు. డ్రైవర్‌ది ఒంటికి అతికినట్టు ఉండాలెనట."

"లోపల ఏముంటది దాంట్ల?"

ఆసిమా కాసేపు తల్లి వంక చూసింది. తల్లి పైకప్పు వంక చూసింది.

"ఫోము, బాపూ."

ఆ పూట వలీ అన్నం తినలేదు.

హన్మకొండలో వీరభద్రం అనే ఆయనకు ఆటసామాన్ల దుకాణం ఉంది. ముందంతా బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, ఎవరూ గెలవని ట్రోఫీలు. లైఫ్ జాకెట్లు వెనకగదిలో కొక్కేలకు వేలాడుతున్నాయి. ముగ్గురూ శుక్రవారం నమాజు అయ్యాక వెళ్లారు.

వలీకి మొదట నారింజ రంగుది ఒకటి కంటికి నచ్చింది. వదులుగా, దిండులా మెత్తగా ఉంది, ముందువైపు ఒకటే బెల్టు. "గిది మంచిగుంది. ఇంకో సైజు పెద్దది తియ్యి. పెరిగే పిల్ల."

"ఇంకేడ పెరుగుత బాపూ? ఇరవై నాలుగు నాకు."

"పెండ్లయినంక పెరుగుతవు. మీ అమ్మను చూడరాదు."

అజ్మత్ బీ చూసిన చూపుకు వలీ మాట మార్చి జాకెట్టు నాణ్యత మీదికి వెళ్లాడు. ఆసిమా దాన్ని తొడుక్కుని బెల్టు బిగించుకుంది. "ఇప్పుడు నా భుజాల కాడ రెండు పట్టీలు పట్టుకొని పైకి లేపు. గదే పరీక్ష."

వలీ బిస్మిల్లా అని లేపాడు. జాకెట్టు సులువుగా పైకి లేచింది. బిడ్డ మాత్రం లేవలేదు. మెడ, గడ్డం, ముక్కు, ఒక్కొక్కటే జాకెట్టులోకి మాయమై, చివరికి పైన జడపిన్ను ఒక్కటే కనిపించింది. లోపలి నుంచి ఆసిమా గొంతు వినవచ్చింది. "చూసినవా? నీళ్లల్ల పడితె గిది తేలుతది. నేను తేల."

రెండోది చూసి వలీకి మండిపోయింది. సన్నగా, కాడిలా మెడలో వేసుకునేది. చేత్తో నలిపి చూస్తే లోపల ఏమీ లేదు. "గిండ్ల ఏం లేదు! వట్టి బట్ట అమ్ముతాన్నవా వీరభద్రం?"

"వలీ భాయ్, దాంట్ల గ్యాస్ ఉంటది. కింద తాడున్నది చూడు, గది లాగితే..."

లాగితే ఏమవుతుందో వీరభద్రం చెప్పనే లేదు. వలీ అప్పటికే మెడలో వేసుకుని లాగేశాడు. ఫస్సుమని ఒక చప్పుడు. క్షణంలో వలీ మెడ చుట్టూ పసుపుపచ్చ గుమ్మడికాయ ఒకటి కాసింది. తల కిందికి వంగదు, పక్కకు తిరగదు. "తియ్యండే! ఎవలన్న తియ్యండే!" అని కేకలు. తీసేటందుకు అజ్మత్ బీకి చేతులు ఆడలేదు, నవ్వుతో. వీరభద్రం ముఖం చూస్తే ఆ గాలంతా ఆయనలోంచే పోయినట్టుంది.

"నాకు గిది ఎట్లయినా పనికిరాదు," అంది ఆసిమా తండ్రి మెడ విడిపిస్తూ. "గంత స్పీడుల పడితే నీళ్లు నీళ్ల లెక్క ఉండయి బాపూ, రోడ్డు లెక్క ఉంటయి. దెబ్బ తట్టుకునేది కావాలె."

మూడోది ఎర్రటిది. నాలుగు బెల్టులు, పక్కటెముకల మీద గట్టి పలకలు, ఎంత బరువు మనిషికో లోపల చీటీ మీద రాసి ఉంది. ఆసిమా తొడుక్కుని నాలుగూ బిగించింది. వలీ పట్టీలు పట్టుకుని లేపాడు. జాకెట్టు జరగలేదు. ఇంకా గట్టిగా లేపాడు. ఆసిమా మునివేళ్ల మీదికి లేచింది, జాకెట్టు మాత్రం ఒంటిని వదలలేదు. ఆ ప్రయత్నంలో కదిలింది వలీ నడుము ఒక్కటే.

"ఊపిరాడుతాందా బిడ్డా?" అన్నాడు నడుము పట్టుకుని.

"ఆడుతాంది."

వలీ ఆ జాకెట్టును బల్ల మీద పరిచి మోచేత్తో నొక్కాడు. వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని గిల్లాడు. తర్వాత వీరభద్రం కళ్లల్లోకి చూసి, "మూల విప్పు," అన్నాడు.

"ఏంది?"

"మూల విప్పి లోపల ఏమున్నదో చూపియ్యి. చూసి తీసుకపోత."

"విప్పుడేంది వలీ భాయ్! అంగీ కొంటే గుండీలు తెంపి చూస్తమా?"

"నేను చూస్త," అన్నాడు వలీ. అది నిజమే.

వీరభద్రం ఒప్పుకోలేదు. వలీ చెవిలో ఆ మాట ముల్లులా దిగింది. విప్పనివ్వనివాడు దాస్తున్నట్టే లెక్క, అతని శాస్త్రంలో. అయినా బిడ్డ పట్టుబట్టడంతో కొన్నారు. బస్టాపుదాకా వచ్చాక ఆసిమా నాలుక కరుచుకుని, "ఫోను మర్చిపోయిన," అంటూ వెనక్కి పరుగెత్తింది. పది నిమిషాలకు ఆయాసపడుతూ వచ్చింది. భుజాన బ్యాగు వలీ పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

ఇంటికి చేరాక ఆసిమా ఎర్ర జాకెట్టును తీసి నులకమంచం మీద పెట్టింది. "బాపూ, నేను దోస్తు దగ్గరికి పోయొస్త. జాకెట్టు గీడ పెట్టిన," అని, ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది. అజ్మత్ బీ వంటింట్లో ఉంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మంచం మీద జాకెట్టు. జేబులో కుట్లు విప్పే చిన్న కత్తెర. పిల్లి ముందు పాలగిన్నె పెట్టి పక్కింటికి వెళ్లినట్టే ఉంది వ్యవహారం. అయిదు నిమిషాలు వలీ నిగ్రహించుకున్నాడు. అది ఆ ఇంటి చరిత్రలోనే పెద్ద నిగ్రహం.

తర్వాత కింది మూల నాలుగు వేళ్ల మేర విప్పాడు.

లోపల బూడిదరంగు ఫోము, పొరలు పొరలుగా. చిన్న ముక్క గిల్లి నీళ్ల గ్లాసులో వేశాడు. తేలింది. వేలితో అడుక్కి తొక్కిపట్టాడు. వదిలితే టప్పున పైకి వచ్చింది. పదిసార్లు తొక్కాడు, పదిసార్లూ వచ్చింది. తీసి పిండితే చుక్క నీరు కారలేదు. వలీ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. శత్రువే, కానీ మాటమీద నిలబడే శత్రువు. ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నందుకు ఒళ్లు మండింది కూడా.

అయితే మూల దగ్గర కొంచెం బోలుగా ఉన్నట్టు తోచింది. తన బిడ్డ తొడుక్కునేది బోలుగా ఉండటమా? దుకాణం నుంచి బూరుగు దూది తెచ్చాడు. బూరుగు దూది నీళ్లలో తేలుతుందని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. రెండు గుప్పెళ్లు కొసరు కూరి, ఇంకో గుప్పెడు బిడ్డ మీది ప్రేమకు కూరి, ఎర్రదారం వెతికి, ఊపిరి బిగబట్టి మూల మూశాడు. పూర్తయ్యాక దూరంగా పెట్టి చూసుకున్నాడు. కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తనకే తెలియనంత బాగా కుదిరిందనుకున్నాడు.

పొద్దుగూకే వేళకు ఆసిమా వచ్చింది. వలీ గొంతు సవరించుకుని, "జాకెట్టు నచ్చింది. ఎక్కు," అన్నాడు.

ఆసిమా తండ్రిని గట్టిగా పట్టుకుంది. అజ్మత్ బీ వంటింట్లోంచి వచ్చి, మంచం కింద పడి ఉన్న దూదిపింజను కాలితో పక్కకు నెట్టింది.

గుండ్లసముద్రం నెక్కొండ దాటాక వస్తుంది. ఆదివారం పొద్దున గట్టు మీద జాతర అంత జనం. మిర్చిబజ్జీలు, బెలూన్లు, మైకు. నీళ్లలోకి ప్లాస్టిక్ డబ్బాలు కట్టి వేసిన తేలే వంతెన, దాని చివర తెల్లటి బోటు. వలీ నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో, కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. జనంలో సగం మంది అతనికి తెలిసినవాళ్లే. పరకాల నుంచి వచ్చిన ఒకాయన, "వలీ సాబ్, మా బిడ్డ పెండ్లికి నువ్వు కుట్టిన పరుపు పదిహేనేండ్లయింది, ఒక్క పోగు ఊడలే," అన్నాడు. వలీ ఛాతీ పొంగింది.

రిసార్టు మేనేజరు హరికృష్ణ మైకు పట్టుకుని ఆసిమాను వంతెన మీద నిలబెట్టాడు. ఎర్ర జాకెట్టు ఎండకు మెరుస్తోంది. హరికృష్ణ నాలుగు బెల్టులూ లాగి చూశాడు, పట్టీలు లేపి చూశాడు, వంగి కుట్లన్నీ వేలితో తడిమాడు.

"చూడుండ్రి!" అన్నాడు మైకులో. "జాకెట్టంటే గిట్లుండాలె. కింది మూల కుట్టు చూడుండ్రి, ఎంత గట్టిగున్నదో!"

వలీ భార్యను మోచేత్తో పొడిచాడు. "నా కుట్టు," అన్నాడు గుసగుసగా, ఆగలేక. అజ్మత్ బీ ఒళ్లోని సంచిని ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"ఎందుకు చెప్తాన్ననంటే," హరికృష్ణ కొనసాగించాడు, "కొందరు కుట్టు విప్పి మళ్ల కుడుతరు. గసొంటి జాకెట్టు ఉత్త బొమ్మ. గంత స్పీడుల నీళ్ల మీద పడితే నీళ్లు కత్తి లెక్క గా సందుల నుంచి సొచ్చి, జాకెట్టును చీరి ఒంటిమీది నుంచి గుంజుకపోతయి. మనిషి దక్కడు. ఆసిమా, స్టార్ట్ చెయ్యమ్మా!"

దొంగకు తేలు కుట్టినట్టయింది వలీకి. ఆసిమా బోటులోకి దిగింది. చెబితే ఇంత జనంలో పరువు పోతుంది. మూడు తరాల దుకాణం. పరకాల ఆయన పక్కనే ఉన్నాడు. ఇంజను గుర్రుమంది.

ఆ చప్పుడుకు వలీ కుర్చీ వదిలాడు. ఎప్పుడు లేచాడో, గట్టు ఎలా దిగాడో అతనికే తెలియదు. తేలే వంతెన మీద కాలు పెట్టాడు. అది ఊగింది. జీవితంలో మొదటిసారి కాళ్ల కింద నీళ్లు. "యా అల్లా, యా అల్లా," అంటూ, తాగినవాడిలా తూలుతూ, హరికృష్ణ చేతిలోని మైకు లాక్కున్నాడు.

"ఆపుండ్రి! బిడ్డా, దిగు! గా మూల నేనే విప్పిన! నేనే కుట్టిన!" చెరువంతా అతని గొంతు మోగింది. "లోపల దూది కూరిన! గది జాకెట్టు కాదు! గా కుట్టును నమ్మొద్దు! వలీ కుట్టును నమ్మకుండ్రి!"

గట్టు మీద బజ్జీలు వేగే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గట్టంతా నవ్వింది. వలీకి వినపడలేదు. అతను వంతెన మీద మోకాళ్లమీద కూలబడి, బోటు అంచును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, బోటును తానే ఆపుతున్నట్టు.

ఆసిమా ఇంజను ఆపి, వంతెన మీదికి ఎక్కి, తండ్రి ముందు కూర్చుంది. జాకెట్టు కింది మూల అతని కళ్ల ముందుకు పట్టింది.

"బాపూ, అద్దాలు పెట్టుకో. గిది నీ కుట్టా?"

వలీ బోటు అంచు వదిలి అద్దాలు పెట్టుకున్నాడు. వేలితో తడిమాడు. నొక్కాడు. లోపల దూది లేదు. "కాదు," అన్నాడు అయోమయంగా. "మిషను కుట్టు. నాది ఇంత రూపు లేకుంట ఉండదు."

అప్పటికి అజ్మత్ బీ కూడా వంతెన మీదికి వచ్చింది. సంచిలోంచి ఇంకో ఎర్ర జాకెట్టు తీసి హరికృష్ణ చేతిలో పెట్టింది. ఆయన కింది మూల పట్టుకున్నాడో లేదో కనిపెట్టేశాడు. అది బూరెలా ఉబ్బి ఉంది, కుట్టు సందులోంచి తెల్లటి పింజ ఒకటి తొంగిచూస్తోంది. "ఏందిది? జాకెట్టా, దిండా?"

"రెండు కొన్న బాపూ," అంది ఆసిమా. "ఫోను మర్చిపోలే ఆ దినం. ఒకటి నీళ్లకు, ఒకటి నీకు. నువ్వు విప్పకుంట ఉంటవా? స్కూలు బ్యాగు కాడి నుంచి చూస్తాన్న."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. వలీకి తన తలను తన్నినది తన కడుపున పుట్టిందని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మరి ముందుగాల చెప్పరాదు! నా పానం పోయింది గదనే!"

"చెప్తే గిదీ విప్పుతవు."

విప్పేవాడే.

"కని బాపూ," అంది ఆసిమా, "గింత మంది ముంగట చెప్తవనుకోలే. నీ కుట్టును నమ్మొద్దని నువ్వే అంటవనుకోలే. గా వంతెన మీదికి వస్తవని అసలే అనుకోలే."

వంతెన మాట వినగానే వలీకి తాను ఎక్కడున్నాడో గుర్తొచ్చింది. కిందికి చూశాడు. డబ్బాల సందుల్లో నల్లటి నీళ్లు. అజ్మత్ బీ కాలిని కౌగిలించుకున్నాడు.

"కుట్టుదేమున్నదే," అన్నాడు కళ్లు గట్టిగా మూసుకుని. "మళ్ల కుట్టుకుంట. నిన్నెక్కడ కుట్టుకోవాలె? పో, పోయి నడుపు. నేను గట్టుకు చేరినంక పో."

అతన్ని గట్టుకు చేర్చడానికి నలుగురు పట్టారు. తర్వాత బోటు లేచింది. ముక్కు పైకెత్తి, నీళ్లను రెండుగా చీలుస్తూ, చెరువు అంచుదాకా పోయి, ఒక్క పక్కకు ఒరిగి తిరిగింది. జనం ఈలలు వేశారు. వలీ ఈల వేయలేదు. ఉబ్బిన మూల ఉన్న జాకెట్టును గుండెకు అదుముకుని, ఎర్రచుక్క ఎటు పోతే అటు తల తిప్పుతూ నిలబడ్డాడు. ఆ ఎర్రచుక్క నవ్వుతూ తిరిగి వచ్చేదాకా అతను ఊపిరి తీసుకున్నట్టు ఎవరికీ గుర్తులేదు.

విప్పిన జాకెట్టు ఇప్పుడు దుకాణంలోనే ఉంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వలీ దాన్ని తల కింద పెట్టుకుని కునుకు తీస్తాడు. ఫోమూ బూరుగు దూదీ కలిస్తే ఇంత మంచి నిద్ర పడుతుందని అతను ఎవరికీ చెప్పడు. ఎవరైనా చూస్తే, "చెకింగ్ చేస్తాన్న," అంటాడు.

బోర్డు అలాగే ఉంది. 'ఇక్కడ ఫోము దొరకదు. అడగవద్దు.' దాని కింద పెయింటరుతో కొత్తగా ఇంకో వరస రాయించాడు. 'నీళ్ల మీదికి పోయేవాళ్లు హన్మకొండలో కొనుక్కోండి. విప్పి చూడకండి.' అది చదివి జనం ఇదేమిటని లోపలికి వచ్చి అడుగుతారు. వలీ వాళ్లకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అరగంట సేపు తన బిడ్డ నడిపే బోటు గురించి చెబుతాడు.